ఫెడ్-బ్యాచ్ ప్రాజెక్టు డైరీ: చక్కెర ఎంత పోయాలో గాలి లెక్కతో తేల్చడం

పని ఇది. 5 లీటర్ల గాజు ఫెర్మెంటర్‌లో ఈ.కోలై బ్యాక్టీరియాలో బీఎల్21 (డీఈ3) అనే రకాన్ని పెంచి, కణం లోపల తయారయ్యే ఒక ఎంజైమును ఎక్కువగా తీయాలి. లీటరుకు ఎన్ని గ్రాములు అన్నదీ లెక్కే, ట్యాంకు ఆక్రమించిన గంటకు ఎన్ని గ్రాములు అన్నదీ లెక్కే. స్ట్రెయిన్ (బ్యాక్టీరియా రకం), ప్లాస్మిడ్ (ఎంజైమ్ జన్యువును మోసే డీఎన్ఏ వలయం), ట్యాంకు మార్చలేదు. మార్చింది ఫీడ్ (పంపుతో ఇచ్చే చక్కెర ద్రావణం) మాత్రమే. కింది అంకెలు ఈ ట్యాంకువి. వేరే ట్యాంకులో ఇవి సరిపోవు, కాబట్టి ఏ అంకె ఎలా వచ్చిందో కూడా రాశాం.

చక్కెర అంతా మొదట్లోనే పోస్తే ఏమవుతుందో ఈ రంగంలో ఉన్నవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. గ్లూకోజ్ సమృద్ధిగా దొరికితే ఈ.కోలై ఆక్సిజన్ చాలినంత ఉన్నా సరే కొంత కార్బన్‌ను ఎసిటేట్‌గా (వెనిగర్‌లోని ఆమ్లపు రూపం) బయటికి వదిలేస్తుంది. ఎసిటేట్ లీటరుకు 2 గ్రాములు దాటాక పెరుగుదల మందగిస్తుంది, ప్రొటీన్ తయారీ అంతకన్నా ముందే దెబ్బతింటుంది. అందుకే చక్కెరను పంపుతో కొద్దికొద్దిగా ఇవ్వడం; ఫెడ్-బ్యాచ్ అంటే ఇదే. బేకర్స్ ఈస్ట్ తయారీలో మొలాసిస్‌ను ఇలాగే వదలడం 20వ శతాబ్దం తొలి దశకాల నుంచే ఉంది. తేలాల్సింది "కొద్దికొద్దిగా" అంటే గంటకు ఎన్ని గ్రాములు అన్నదే.

దశ 0. సరంజామా, మీడియా

1. ట్యాంకు: మొత్తం 5 లీ., మొదటి వాల్యూమ్ ఇనాక్యులంతో (విత్తనంగా వేసే కల్చర్) కలిపి 2 లీ. రష్టన్ ఇంపెల్లర్లు (ద్రవాన్ని కలిపే చక్రాలు) రెండు, గరిష్ఠ వేగం 1200 ఆర్‌పీఎం. గాలి నిమిషానికి 4 లీ.
2. ప్రోబులు: పీహెచ్, కరిగిన ఆక్సిజన్ (ఇకపై డీఓ; గాలితో పూర్తిగా నిండితే 100 శాతం). బయటికి పోయే గాలికి కండెన్సర్, తేమ తీసే గొట్టం, ఆ తర్వాత ఆక్సిజన్ శాతం చూపే మీటర్.
3. పెరిస్టాల్టిక్ పంపులు (ట్యూబును నలుపుతూ ద్రవాన్ని తోసేవి) మూడు: ఫీడ్, అమోనియా, యాంటీఫోమ్ (నురగ తగ్గించేది). ఫీడ్ సీసా కింద 0.1 గ్రా. దాకా చూపే తూకం. ఇది లేకుండా మొదలుపెట్టొద్దు. కారణం దశ 3లో ఉంది.
4. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు, పీహెచ్ 6.9. పీహెచ్ పెంచడానికి 25 శాతం అమోనియా ద్రావణం. కణాలకు నైట్రోజన్ దొరికేది కూడా దాని నుంచే.

మీడియా, లీటరుకు: పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 13.3 గ్రా., డైఅమోనియం ఫాస్ఫేట్ 4 గ్రా., సిట్రిక్ ఆమ్లం 1.7 గ్రా. ఇవి ట్యాంకులోనే ఆటోక్లేవ్ (పీడనంలో ఆవిరితో స్టెరిలైజ్) అవుతాయి. చల్లారాక విడిగా స్టెరిలైజ్ చేసినవి కలపాలి: మెగ్నీషియం సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 1.2 గ్రా., ఇనుము, మాంగనీస్, జింక్, కోబాల్ట్, రాగి, మాలిబ్డినం, బోరాన్ ఉన్న ట్రేస్ ద్రావణం, గ్లూకోజ్, ప్లాస్మిడ్ ఉన్న కణాలే బతికేలా చేసే యాంటీబయాటిక్ కనమైసిన్ 50 మి.గ్రా. యాంపిసిలిన్ వాడే ప్లాస్మిడ్ అయితే ఒక హెచ్చరిక: కణాలు వదిలే బీటా-లాక్టమేజ్ చిక్కటి కల్చర్‌లో దాన్ని త్వరగా తినేస్తుంది, ఆపై ప్లాస్మిడ్ పోగొట్టుకున్న కణాలదే రాజ్యం.

ఫీడ్ తయారీ:

1. గ్లూకోజ్ 600 గ్రా. (మోనోహైడ్రేట్ అయితే 660 గ్రా.) వేడి నీటిలో కొంచెం కొంచెంగా కరిగించాలి.
2. మెగ్నీషియం సల్ఫేట్ 20 గ్రా. వేరే నీటిలో కరిగించి విడిగా ఆటోక్లేవ్ చేయాలి. చల్లారాక రెండూ కలిపి, స్టెరైల్ నీటితో లీటరుకు తేవాలి.
3. చక్కెరతో పాటు అమోనియం లవణాలను గాని ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌ను గాని ఆటోక్లేవ్‌లో పెట్టొద్దు. గోధుమరంగు తిరిగిందంటే చక్కెర కొంత పోయినట్టే. పైగా ఆ పదార్థాలు పెరుగుదలను అడ్డుకుంటాయి.
4. సాంద్రత కొలిచి సీసా మీద రాయాలి. ఇక్కడ మి.లీ.కు 1.23 గ్రా. వచ్చింది.

కొలతలు: ఓడీని (కల్చర్ ఎంత మసకగా ఉందో చూపే కొలత, కణాల మోతాదుకు గుర్తు) 0.4 దాటకుండా పలచన చేసి చూడాలి. ఈ స్పెక్ట్రోఫోటోమీటర్‌లో ఒక ఓడీ అంటే ఎండు బరువు లీటరుకు 0.36 గ్రా.; ఇది యంత్రాన్ని బట్టి మారుతుంది. గ్లూకోజ్‌కు శాంపిల్ తీసిన కొన్ని సెకన్లలోనే సిరింజ్ ఫిల్టర్‌తో కణాలను వేరుచేయాలి. లీటరుకు 40 గ్రా. కణాలున్న కల్చర్ నెమ్మదిగా తింటున్న దశలోనూ నిమిషానికి లీటరుకు 90 మి.గ్రా. చక్కెర మాయం చేస్తుంది. ఎపెండార్ఫ్‌లో (చిన్న ప్లాస్టిక్ గొట్టం) పెట్టి సెంట్రిఫ్యూజ్ దాకా నడిచి వెళ్లేలోపే కొలవాల్సింది పోతుంది. ఆ పద్ధతిలో వచ్చే "గ్లూకోజ్ సున్నా" ఫలితాలను నమ్మొద్దు.

దశ 1. పుస్తకంలోని ఫీడ్, చేతికొచ్చిన ఎసిటేట్

మొదటి రన్‌లో బ్యాచ్ (ఫీడ్‌కు ముందు దశ) గ్లూకోజ్ లీటరుకు 20 గ్రా., మొత్తం 40 గ్రా. అది అయిపోగానే ఘాతాంక ఫీడ్. సూత్రం అందరూ వాడేదే:

చక్కెర రేటు (గ్రా./గం.) = (పెరుగుదల రేటు ÷ దిగుబడి + నిర్వహణ ఖర్చు) × ట్యాంకులోని మొత్తం బయోమాస్ (కణాల ఎండు బరువు)

దిగుబడి గ్రాము గ్లూకోజ్‌కు 0.5 గ్రా. కణాలు. నిర్వహణ, అంటే పెరగకుండా బతికి ఉండటానికే పట్టే చక్కెర, గ్రాము కణాలకు గంటకు 0.04 గ్రా. పెరుగుదల రేటు గంటకు 0.25 పెట్టాం. ఎసిటేట్ మొదలయ్యే గీత చాలా స్ట్రెయిన్లలో దీనికి కొంచెం పైన ఉంటుంది కాబట్టి ఈ అంకె సురక్షితమనే పేరుంది. బయోమాస్ పెరిగినకొద్దీ రేటు కూడా అదే నిష్పత్తిలో పెరగాలి, 0.25 దగ్గర 2.8 గంటలకోసారి రెట్టింపు అవుతుంది.

జరిగింది:

1. ఓడీ 18 దగ్గరే, బ్యాచ్ ఇంకా నడుస్తుండగా, మోటారు 1200కు చేరి డీఓ 5 శాతం కిందికి పడింది.
2. బ్యాచ్ ముగిసేసరికి ఓడీ 24, మొత్తం బయోమాస్ 17.2 గ్రా., ఎసిటేట్ లీటరుకు 1.9 గ్రా.
3. ఫీడ్ గంటకు 9.3 గ్రా. చక్కెరతో (15.5 మి.లీ.) మొదలైంది. మూడో గంటకు డీఓ సున్నా.
4. ఐదో గంటకు ఓడీ 58, ట్యాంకులో మిగిలిన గ్లూకోజ్ లీటరుకు 7 గ్రా., ఎసిటేట్ 6.3 గ్రా. పెరుగుదల ఆగింది. రన్ ఆపేశాం.

సూత్రంలో తప్పు లేదు. కణాలు గంటకు 0.25 చొప్పున పెరగగలవు, పెరిగాయి కూడా. కాని అంతమందికి సరిపడా ఆక్సిజన్ ఈ ట్యాంకు అందించలేదు. ఆ సూత్రంలో ట్యాంకు అన్న మాటే లేదని గమనించండి.

లెక్క: చక్కెర 133 గ్రా. | బయోమాస్ 46 గ్రా. | దిగుబడి 0.35 | సమయం 13 గం. | లీటరుకు 21 గ్రా.

దశ 2. ట్యాంకు గంటకు ఎంత ఆక్సిజన్ ఇవ్వగలదు

మామూలుగా చేసే పద్ధతి: నైట్రోజన్‌తో డీఓను సున్నాకు దించి, గాలి వదిలి, ఎంత వేగంగా లేస్తుందో చూసి ఆక్సిజన్ బదిలీ గుణకం (కేఎల్ఏ) తేల్చడం. గరిష్ఠ వేగంలో గంటకు 105 వచ్చింది. ఇది నమ్మదగినది కాదు. ఈ ప్రోబ్ స్పందన సమయం దాదాపు 32 సెకన్లు. ద్రవంలో ఆక్సిజన్ ఎంత త్వరగా నిండినా అది చూపేది తన వేగంతోనే. 3600ను 32తో భాగిస్తే 112. అంటే కొలిచింది ట్యాంకును కాదు, ప్రోబ్‌ను. కేఎల్ఏ 50 లోపు ఉండే నెమ్మది ట్యాంకులకు ఈ పద్ధతి చాలు. ఈ.కోలైని చిక్కగా పెంచే ట్యాంకుకు చాలదు.

బదులుగా గాలి లెక్క:

1. లోపలికి గంటకు 240 లీ. గాలి, అంటే దాదాపు 9.8 మోల్‌లు.
2. మొదటి రన్ బ్యాచ్ చివర డీఓ సున్నా దగ్గర ఉన్నప్పుడు బయటికి పోయే గాలిలో ఆక్సిజన్ 18.1 శాతం. లోపలికి వెళ్లింది 20.95. తేడా 2.85 శాతం.
3. 9.8 × 0.0285 = గంటకు 0.28 మోల్. 2 లీటర్లకు భాగిస్తే లీటరుకు గంటకు 140 మిల్లీమోల్‌లు.
4. 37 డిగ్రీల దగ్గర గాలితో నిండిన మీడియాలో ఆక్సిజన్ లీటరుకు దాదాపు 0.2 మిల్లీమోల్. కేఎల్ఏ = 140 ÷ 0.2 = 700.
5. డీఓను 30 శాతం దగ్గర ఉంచాలంటే వాడుకోగల తేడా 0.14 (0.2లో 70 శాతం) మాత్రమే. 700 × 0.14 = 98 మిల్లీమోల్‌లు. ట్యాంకు సామర్థ్యంగా తీసుకోవాల్సింది ఇదే.

ఇప్పుడు దీన్ని చక్కెరలోకి మార్చాలి. గ్లూకోజ్‌ను పూర్తిగా కాల్చేస్తే గ్రాముకు 33 మిల్లీమోల్‌ల ఆక్సిజన్ పడుతుంది. సగం కార్బన్ కణాలుగా మారుతుంది కాబట్టి నిజంగా పట్టేది 15 నుంచి 19. పెరుగుదల మందగించి నిర్వహణ వాటా పెరిగేకొద్దీ 19 వైపు జరుగుతుంది. 16 తీసుకున్నాం. ఫీడ్ దశలో సగటు వాల్యూమ్ 2.3 లీ. అనుకుంటే 98 × 2.3 ÷ 16 = గంటకు 14 గ్రా. చక్కెర.

ఈ 14 ఇకపై పైకప్పు. కణాలు ఎన్ని ఉన్నా, ఎంత ఆకలి మీద ఉన్నా, పంపు దీన్ని దాటకూడదు. మొదటి రన్‌లో ఐదో గంటకు సూత్రం ఇస్తున్నది గంటకు 32 గ్రా.

ఆఫ్-గ్యాస్ (బయటికి పోయే గాలి) మీటర్ లేనివాళ్లకు ఒక దారి: చక్కెర కొరతలో నడుస్తున్న కల్చర్‌కు తెలిసిన రేటులో ఫీడ్ ఇస్తూ, మోటారు గరిష్ఠంలో పెట్టి, డీఓ ఎక్కడ నిలబడిందో చూడండి. చక్కెర రేటు × 16 ÷ వాల్యూమ్ అనేది ఆక్సిజన్ వాడకం. అక్కడి నుంచి కేఎల్ఏ వస్తుంది. పది పదిహేను శాతం అటూఇటూ ఉంటుంది, పైకప్పు తేల్చడానికి అది చాలు.

దశ 3. ఘాతాంకం, ఆపై స్థిరం

మార్పులు మూడు. బ్యాచ్ గ్లూకోజ్ 20 నుంచి 10 గ్రాములకు తగ్గింది, ఎందుకంటే బ్యాచ్‌లో కణాలు గంటకు 0.55 చొప్పున పెరుగుతాయి, లీటరుకు 6.5 గ్రా. కణాలకే ట్యాంకు సామర్థ్యం అయిపోతోంది. పెరుగుదల రేటు 0.25 నుంచి 0.15కు. గంటకు 14 గ్రా. చేరగానే ఘాతాంకం ఆపి స్థిర రేటు.

1. బ్యాచ్ ముగింపు: ఓడీ 13, బయోమాస్ 9.4 గ్రా. చక్కెర అయిపోయిందనడానికి గుర్తు డీఓ ఒక్కసారిగా పైకి దూకడం. ఆ దూకుడు వచ్చిన వెంటనే ఫీడ్ మొదలుపెట్టొద్దు. మొదటి దూకుడు తర్వాత డీఓ మళ్లీ కాస్త దిగుతుంది, కణాలు తాము వదిలిన ఎసిటేట్‌ను తింటాయి. అదీ అయిపోయి రెండోసారి లేచినప్పుడు ఫీడ్.
2. మొదటి రేటు: (0.15 ÷ 0.5 + 0.04) × 9.4 = గంటకు 3.2 గ్రా. చక్కెర, 5.3 మి.లీ.
3. 4.6 గంటలకోసారి రెట్టింపు. 9.8 గంటలకు 14 గ్రా. చేరుతుంది. పంపు ప్రోగ్రామ్‌లో ఘాతాంకం లేకపోతే పావుగంటకోసారి 3.8 శాతం పెంచినా అంతే.
4. అక్కడి నుంచి 12 గంటలు స్థిరంగా 14 గ్రా., 23.3 మి.లీ.

అడ్డుపడినవి రెండూ పంపు దగ్గరే.

పంపును నీళ్లతో కాలిబ్రేట్ చేశారు. 600 గ్రాముల చక్కెర ద్రావణం నీటికన్నా చాలా చిక్కన. పైగా సిలికాన్ ట్యూబ్ గంటలకొద్దీ నలిగి చదునవుతుంది. 23.3 మి.లీ. అంటే తూకం గంటకు 28.7 గ్రా. తగ్గాలి, 26.3 మాత్రమే తగ్గింది. 8 శాతం లోటు. స్థిర దశలో ఇది కనపడుతుంది, సరిచేయొచ్చు. ఘాతాంక దశలో ఇదే లోటును గమనించకపోతే తర్వాత వచ్చిన అంకెలన్నీ తప్పుడు పునాది మీద నిలబడతాయి. ఇప్పుడు పంపు మీటరును చూడటం మానేసి గంటగంటకూ సీసా బరువు రాస్తున్నాం, పట్టికలోని బరువుతో పోల్చి వేగం సరిచేస్తున్నాం. ట్యూబ్‌లోని నలిగే ముక్కను ప్రతి రన్‌కూ మారుస్తున్నాం.

రెండోది చుక్కల సమస్య. గంటకు 5.3 మి.లీ. అంటే దాదాపు 34 సెకన్లకు ఒక చుక్క. ఒక్కో చుక్కలో 30 మి.గ్రా. చక్కెర. కణాలు దాన్ని ఆ 34 సెకన్లు పూర్తికాకముందే తినేసి మళ్లీ ఖాళీగా ఉంటాయి. డీఓ గ్రాఫ్ రంపపు పళ్లలా ఊగుతుంది. దాన్ని చూసి కంట్రోలర్ మోటారును ఎక్కిస్తూ దించుతూ ఉంటుంది. 0.8 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న ట్యూబ్ వేసి, పోర్టు దగ్గర సన్నటి సూది పెట్టాక చుక్క చిన్నదైంది, ఊపు తగ్గింది. ట్యూబును ద్రవంలో ముంచితే ఊపు పూర్తిగా పోతుంది కాని ట్యూబ్‌లోకి కణాలు ఎగబాకి సీసా దాకా పెరుగుతాయి. ఆ పని చేయలేదు.

ఫలితం: చివరికి ఓడీ 122, లీటరుకు 44 గ్రా., ఎసిటేట్ 0.3 గ్రా. లోపు. ఫీడ్ స్థిరంగానే ఉన్నా డీఓ మాత్రం 30 నుంచి మెల్లగా 21కి జారింది. ఊహించాల్సిందే: కణాల సంఖ్య పెరిగేకొద్దీ బతకడానికే ఖర్చయ్యే చక్కెర వాటా పెరుగుతుంది, అది పూర్తిగా కాలుతుంది. అందుకే పైకప్పును 98 మిల్లీమోల్‌ల దగ్గర కట్టడం, 140 దగ్గర కాదు.

లెక్క: చక్కెర 20 + 72 + 168 = 260 గ్రా. | బయోమాస్ 107 గ్రా. | దిగుబడి 0.41 | 29 గం. | అమోనియా 74 మి.లీ.

అమోనియా అంకెను ఊరికే రాయలేదు. కణం ఎండు బరువులో సుమారు 13 శాతం నైట్రోజన్; 25 శాతం అమోనియా లీటరులో 187 గ్రా. నైట్రోజన్ ఉంటుంది. అంటే పంపులో పోయిన ప్రతి మి.లీ.కూ దాదాపు 1.44 గ్రా. కణాలు పెరిగినట్టు. శాంపిల్ తీయకుండానే బయోమాస్ తెలుస్తుంది. అమోనియా ఎక్కువగా పోతూ ఓడీ ఆ మేరకు పెరగకపోతే అది ఎసిటేట్ ఆమ్లాన్ని చంపడానికి ఖర్చవుతోందని అర్థం. ఒక గ్రాము ఎసిటేట్‌కు 1.25 మి.లీ. ఖర్చు.

గంట లెక్కలో ఒక విచిత్రం ఉంది. మొదటి రన్ 21 ÷ 13 = గంటకు 1.6 గ్రా.; ఇది 44 ÷ 29 = 1.5. చెడిపోయిన రన్‌దే పైచేయి! కాని ట్యాంకు కడగడం, స్టెరిలైజ్ చేయడం, చల్లార్చడం, అమర్చడం కలిపి 10 గంటలు పడుతుంది. అవి కలిపితే 0.91, 1.13. ఉత్పాదకత లెక్కలో ట్యాంకు ఖాళీగా ఉన్న గంటలు వేయకపోతే తప్పుడు రన్ గెలుస్తుంది.

దశ 4. డీఓ అబద్ధం చెప్పిన రన్

దశ 3 ముగిశాక ట్యాంకు అడుగునా అమోనియా పోర్టు చుట్టూ తెల్లటి పొడి కనిపించింది. మెగ్నీషియం అమోనియం ఫాస్ఫేట్. అమోనియా చుక్క పడిన చోట పీహెచ్ క్షణకాలం బాగా పైకి పోతుంది, అక్కడే ఇది గట్టిపడుతుంది. మెగ్నీషియం ఎక్కువైందనుకుని తర్వాతి రన్ ఫీడ్‌లో దాన్ని పూర్తిగా తీసేశారు. ఈ దశకు ఫీడ్‌ను డీఓకు కట్టారు: డీఓ 40 దాటితే చక్కెర అయిపోయినట్టు భావించి పంపు వేగం పెంచాలి.

స్థిర దశ ఐదో గంట దాకా మామూలే. బయోమాస్ 70 గ్రా. దగ్గర డీఓ 27 నుంచి 48కి లేచింది. కంట్రోలర్ ఫీడ్ పెంచింది. డీఓ దిగలేదు. మళ్లీ పెంచింది. రెండు గంటల్లో గ్లూకోజ్ లీటరుకు 9 గ్రా.

తేల్చిన తీరు:

1. ఫీడ్ పంపును 60 సెకన్లు ఆపాం. చక్కెర కొరతలో ఉన్న కల్చర్ అయితే 10 నుంచి 30 సెకన్లలో డీఓ లేవాలి. కదల్లేదు. అంటే చక్కెర పోగుపడి ఉంది; ఆగింది మరొకటి.
2. ఫాస్ఫరస్ లెక్క: మీడియాలో మొత్తం 7.9 గ్రా. కణాల్లో 3 శాతం వేసుకున్నా 70 గ్రాములకు 2.1 చాలు. కొరత కాదు.
3. నైట్రోజన్: అమోనియా పంపు పనిచేస్తోంది, సీసాలో ఉంది. కాదు.
4. మెగ్నీషియం: మీడియాలో 2.4 గ్రా. హెప్టాహైడ్రేట్, అంటే 0.24 గ్రా. మెగ్నీషియం. అందులో కొంత తెల్లపొడిగా అడుగున కూర్చుంది.
5. ఒక మోలార్ మెగ్నీషియం సల్ఫేట్ స్టెరైల్‌గా 10 మి.లీ. ఎక్కించాం. నాలుగు నిమిషాల్లో డీఓ 48 నుంచి 20కి దిగింది.

డీఓ లేవడానికి అర్థం కణాలు ఆక్సిజన్ తక్కువ వాడుతున్నాయనే. ఎందుకు తక్కువ అన్నది అది చెప్పదు. చక్కెర అయిపోవచ్చు, లవణం అయిపోవచ్చు, కణాలు చచ్చిపోతుండొచ్చు. డీఓ చూసి ఫీడ్ పెంచే పద్ధతి ఈ మూడింటికీ ఒకే మందు వేస్తుంది. పీహెచ్ చూసి ఫీడ్ ఇచ్చే పద్ధతి (చక్కెర అయిపోతే పీహెచ్ లేస్తుంది కాబట్టి) కూడా ఇదే గోతిలో పడుతుంది, కాస్త ఆలస్యంగా.

మార్చినవి: మెగ్నీషియం ఫీడ్‌లోకి 20 గ్రా. చొప్పున తిరిగొచ్చింది. అమోనియా పోర్టును ఫీడ్ పోర్టుకు ఎదురుగా, ఇంపెల్లర్ సుడి బలంగా ఉన్న వైపుకు మార్చాం. సిట్రిక్ ఆమ్లం తగ్గించలేదు; లోహాలను పట్టి ఉంచేది అదే. డీఓ కట్టు తీసేసి, ముందే రాసుకున్న పట్టిక ప్రకారం ఫీడ్. 60 సెకన్ల ఆపుడు పరీక్ష రెండు గంటలకోసారి. ఇంత చవకైన, ఇంత నిజాయతీ అయిన పరీక్ష ఈ పనిలో మరొకటి లేదు.

దశ 5. నురగ

చిన్న దశ. నురగ సెన్సర్ తగిలినప్పుడల్లా యాంటీఫోమ్ (పాలీప్రొపిలీన్ గ్లైకాల్) ఒక మి.లీ. చొప్పున పడుతోంది. పడిన ప్రతిసారీ డీఓ 30 నుంచి 14కి కూలి, 20 నిమిషాల దాకా కోలుకోవడం లేదు. యాంటీఫోమ్ చిన్న బుడగలను కలిపి పెద్దవి చేస్తుంది, ఉపరితలం తగ్గుతుంది, కేఎల్ఏ పడిపోతుంది. పైకప్పు 14 గ్రా. అన్నది యాంటీఫోమ్ లేని ట్యాంకుది. పడ్డాక అది 11 కావచ్చు. పది శాతానికి పలచన చేసి 0.2 మి.లీ. చొప్పున, రెండు చుక్కల మధ్య కనీసం రెండు నిమిషాలు ఆగేలా పెట్టాం. డీఓ 25 కిందికి వెళ్లడం మానేసింది. సెన్సర్ కొనకు ఎండిన కణాల పొర పట్టినా నురగ లేకుండానే పంపు తిరుగుతుంది. శాంపిల్ తీసేటప్పుడు సీసా మట్టం కూడా చూడండి.

దశ 6. ఇండక్షన్ తర్వాత ఆకలి తగ్గుతుంది

ఇప్పటిదాకా కణాల లెక్క. ఎంజైమ్ మొదలుపెట్టింది ఇక్కడ: బ్యాచ్, 9.8 గంటల ఘాతాంకం, 4 గంటలు స్థిరంగా 14 గ్రా. అప్పటికి బయోమాస్ 65 గ్రా., ఓడీ 80. అరగంట ముందు నుంచి ఉష్ణోగ్రతను 30కి దించి, ఐపీటీజీ 0.5 మిల్లీమోలార్ (ఎంజైమ్ జన్యువును ఆన్ చేసే రసాయనం; ఆ ఆన్ చేయడమే ఇండక్షన్).

మొదటి ప్రయత్నంలో ఫీడ్ 14 దగ్గరే ఉంచారు. ఆక్సిజన్ సరిపోతోంది, డీఓ 45 మీద ఉంది, అంతా బాగున్నట్టే కనిపించింది. మూడో గంటకు గ్లూకోజ్ లీటరుకు 5.2 గ్రా., ఎసిటేట్ 3.9 గ్రా. ఆరో గంటకు ఎంజైమ్ 2.6 గ్రా./లీ. దగ్గర ఆగిపోయింది. ఐపీటీజీ పడ్డాక కణం తన శక్తినంతా మన ప్రొటీన్ మీద పెడుతుంది, పెరుగుదల పడిపోతుంది, చక్కెర వాడే సామర్థ్యం కూడా. పైగా ఉష్ణోగ్రత 7 డిగ్రీలు తగ్గింది. ఇప్పుడు పైకప్పు ట్యాంకుది కాదు, కణానిది.

మూడు రేట్లు చూశాం:

1. గంటకు 14 గ్రా.: పైన చెప్పిందే. 2.6 గ్రా./లీ.
2. గంటకు 5 గ్రా.: ఎసిటేట్ లేదు, గ్లూకోజ్ లేదు, కాని ఎంజైమ్ 3.5 దగ్గర చదునైంది. నిర్వహణకే 2.6 గ్రా. పోతుంది, ప్రొటీన్ కట్టడానికి మిగిలేది సగమే.
3. గంటకు 8 గ్రా.: పది గంటల తర్వాత 4.4 గ్రా./లీ. గ్లూకోజ్ 0.1 లోపు, ఎసిటేట్ 0.5.

14 నుంచి 8కి ఒక్క దెబ్బలో దించలేదు. ఉష్ణోగ్రత దించే అరగంటలో 14 నుంచి 10, ఐపీటీజీ పడ్డాక 8. ప్రతి గంటా ఆపుడు పరీక్ష. 30 సెకన్లలో డీఓ కదలకపోతే ఫీడ్‌ను 20 శాతం తగ్గించి పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి.

లెక్క (14 రన్): చక్కెర 232 గ్రా. | ఎంజైమ్ 6.4 గ్రా. | గ్రాము చక్కెరకు 0.028 | ఖాళీ గంటలతో కలిపి 37 గం. | లీటరుకు గంటకు 0.07 గ్రా.

లెక్క (8 రన్): చక్కెర 228 గ్రా. | ఎంజైమ్ 10.8 గ్రా. | గ్రాము చక్కెరకు 0.047 | 41 గం. | లీటరుకు గంటకు 0.107 గ్రా.

చక్కెర దాదాపు అంతే. 8 రన్‌లో అది ఎప్పుడు పోయాలో అప్పుడు పోసింది.

దశ 7. ముందు పని

గాలిలో ఆక్సిజన్ కలిపి లోపలికి వెళ్లే శాతాన్ని 40కి తేవడం. కరిగే ఆక్సిజన్ 0.38 మిల్లీమోల్ అవుతుంది. అదే డీఓ దగ్గర వాడుకోగల తేడా 0.14 నుంచి 0.32కి పెరుగుతుంది. లెక్క ప్రకారం పైకప్పు 32 గ్రా.; మొదట 24తో నడుపుతాం, ఎందుకంటే గాలి ప్రవాహం మారకుండా కణాలు రెట్టింపు అయితే కార్బన్ డయాక్సైడ్ కూడా పోగవుతుంది. ఆక్సిజన్ లైన్‌లో నూనె, గ్రీజు తగిలిన ఫిట్టింగ్ ఒక్కటి కూడా ఉండకూడదు. పీడనం పెంచి ఆక్సిజన్ ఎక్కించే దారి గాజు ట్యాంకుకు పనికిరాదు, అది స్టీలు ట్యాంకులకే.

పెద్ద ట్యాంకుకు ఈ పట్టికను నేరుగా పట్టుకెళ్లాలనుకునేవాళ్లు రెండు అంకెలు మళ్లీ కట్టాలి. ఒకటి కలయిక. ఈ గాజు ట్యాంకులో చుక్క చక్కెర కొన్ని సెకన్లలో అంతటా కలుస్తుంది. వేల లీటర్లలో అది పదుల సెకన్ల నుంచి నిమిషాల పని. ఫీడ్ పోర్టు దగ్గరి కణాలు ఎసిటేట్ వదులుతుంటే దూరంగా ఉన్నవి పస్తుంటాయి. పోర్టును ఇంపెల్లర్ దగ్గరికి తేవాలి, వీలైతే రెండు మూడు చోట్ల పెట్టాలి. రెండోది వేడి. కణాలు వాడిన మోల్ ఆక్సిజన్‌కు దాదాపు 460 కిలోజౌల్‌ల వేడి పుడుతుంది. ఇక్కడ అది 30 వాట్లు, జాకెట్‌కు (ట్యాంకు చుట్టూ నీళ్లు తిరిగే తొడుగు) లెక్కలోకి రాదు. 10,000 లీటర్లలో లీటరుకు గంటకు 150 మిల్లీమోల్‌లు వాడితే 190 కిలోవాట్లు దాటుతుంది. దాని మీద మోటారు వేడి. వాల్యూమ్‌తో పోలిస్తే జాకెట్ వైశాల్యం అక్కడ చాలా తక్కువ. చాలా ట్యాంకుల్లో ఫీడ్ పైకప్పును తేల్చేది అప్పుడు ఆక్సిజన్ కూడా కాదు, కూలింగ్ నీటి ఉష్ణోగ్రత. కూలింగ్ గంటకు ఎన్ని కిలోజౌల్‌ల వేడి తీయగలదో కట్టి, 460తో మోల్‌లలోకి, మిల్లీమోల్‌లను 16తో గ్రాముల చక్కెరలోకి మార్చి, రెండు పైకప్పుల్లో చిన్నదాన్ని పంపుకు ఇవ్వాలి.